రాకపోకల రిజిస్టర్

డాక్టర్ ఇద్రీస్ కాగితం మీద గుండ్రంగా ఒక గీత గీశాడు.
"మీ భాషలో చెప్పు సిస్టర్" అన్నాడు.
పదమూడేళ్లుగా దోహాలో సూదులు గుచ్చుతున్నాను.
మాది కనిగిరి. ఆయనది మెట్‌పల్లి దాటాక ఏదో పల్లె.
రెండు తెలుగుల మధ్యనే నాకొక పిట్టగోడ,
ఇక ఈ గోడని ఏమని చెప్పను?

మెదడులో రక్తనాళాలు, అన్నా,
తక్కిన ఒంట్లోవాటిలా కాదు.
ఇటుకకీ ఇటుకకీ నడుమ సందు లేకుండా కట్టినవి.
నరంలోకి ఎంత మందు పోసినా
గడ్డ దాకా చేరేది చారెడు.
మిగిలిందంతా జుట్టు మీదా నాలుక మీదా పడి
ఊరికే పాడుచేసి పోతుంది.

నడిపి భూమన్న తలగుడ్డ సర్దుకున్నాడు.
సనాయాలో ముప్పై ఎనిమిదో గల్లీ, అల్యూమినియం గోడౌను,
పదకొండేళ్లు అక్కడ నిలబడ్డ మనిషి.
"గోడ గాదు సిస్టర్, గది గేటు.
గోడైతే నీళ్లెట్ల పోతయి లోపలికి?"

నిజమే.
నీళ్లు పోతాయి. గాలి పోతుంది.
చక్కెరకి పాసు ఉంది, మోసుకెళ్లే మనుషులే వేరు.
మందుకి లేదు.
ఒకటీ అరా ఎలాగో లోపల కాలు పెట్టినా
మెడ పట్టి గెంటే పంపులు ఆ గోడలోనే ఉన్నాయి.
ఇది చెబితే నవ్వాడు,
కుడిపక్క మూతితో మాత్రమే.
"మా సూపర్‌వైజర్ గట్లనే చేస్తుండె."

జబ్బు బయటపడ్డది కూడా గేటు దగ్గరే.
ఆగస్టు, రాత్రి రెండు,
గాలి తడిగుడ్డలా ముఖానికి చుట్టుకునే వేళ
నీళ్ల ట్యాంకరు హారన్ మీద హారన్.
కడ్డీ ఎత్తమని ఎడమచేతికి చెప్పాడట,
అది వినలేదు.
తాగావా అని తిట్టాడట పఠాను డ్రైవరు,
చుక్క ముట్టని మనిషిని.

డాక్టర్ రెండో బొమ్మ గీశాడు.
వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని బుడగలు
రక్తంలోకి వదులుతాం.
చెవికందని శబ్దం ఒకటి బయట నుంచి పంపుతాం.
బుడగలు ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి,
లోపలి నుంచి గోడని ఒరుసుకుంటాయి.
అతుకులు వదులవుతాయి. కొన్ని గంటలే.
ఆలోగా మందు ఎక్కిస్తాం.
ఇంకా పరీక్ష దశ. నయమవుతుందని మాటివ్వలేను.
ఆ చివరి వాక్యాన్ని మెత్తగా చేసి చెప్పాలనిపించింది.
చెయ్యలేదు.

సంతకానికి ముందు అందరూ అడిగేవి నాకు తెలుసు:
నొప్పి ఉంటుందా, ఖర్చెంత, ఎన్నాళ్లు.
భూమన్న అడిగింది వేరు.
"గేటు మల్ల మూస్తరా?"

ఇద్రీస్ పెన్ను కింద పెట్టాడు.
మూసుకుంటుంది, దానంతట అదే, రేపటికల్లా.
"గప్పటిదాక ఎవలు నిలవడ్తరు?
పదకొండేండ్లల్ల ఒక్కనాడు తెరిచిపెట్టి పండలే నేను."
కాసేపాగి,
"దాని మీద కోపం లేదు సిస్టర్.
గిన్నేండ్ల దుమ్ము, జరం, క్యాంపుల తిన్న పాసిపోయిన కూర,
ఏదీ తలకెక్కనియ్యలే అది.
దాని డ్యూటీ అది చేస్తుంది.
గీ వచ్చేటోడు మనోడని దానికెట్ల తెలుస్తది?
మెడల కార్డు లేకపాయె."

గురువారం, పదీ నలభై.
గొట్టంలో చుక్క, చుక్క.
షిఫ్టు అయిపోయినా కూర్చున్నాను.
స్కాన్‌లో గడ్డ అంచున పాలమరకంత తెలుపు.
తలుపు తెరుచుకుందని దానర్థం, అంతే.
లోపలికి పోయినవాడు పని చేస్తాడో లేదో
మరక చెప్పదు.

సాయంత్రం దిండు కింద నుంచి పాత డైరీ తీశాడు.
కదలకుండా పట్టుకోమన్నాడు నన్ను.
కుడిచేత్తో తనే అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టి
రాశాడు.
పేరు: కార్బోప్లాటిన్.
ఎక్కడి నుంచి: సీసా.
ఎవరిని కలవాలి, అన్న చోట కలం ఆగింది.
తర్వాత, గడ్డ.
ఇన్ టైమ్: 10.40.

ఔట్ టైమ్ గడి ఖాళీగా ఉంచి
డైరీ మూసి నా చేతికిచ్చాడు.
"పని అయినంక రాస్త.
జర జాగ్రత్తగ పెట్టు."